సావుకారు గారూ, కౌంటర్ వెనకాల ఒక స్టూలు వేయించండి

బరంపురంలో బట్టల షాపులు నడుపుతున్న సావుకార్లందరికీ, కొత్తగా వచ్చిన షోరూముల మేనేజర్లకీ నమస్కారాలు.

నేను పదహారేళ్ళుగా ఈ ఊళ్ళో చీరల కౌంటర్లో పనిచేస్తున్నాను. మా పుట్టిల్లు ఇచ్ఛాపురం, మెట్టిల్లు ఇక్కడే. కొనడానికి వచ్చేవాళ్ళని మేం బేరాలు అంటాం; ఒడియా బేరాలు నన్ను అపా అంటారు, మన తెలుగు బేరాలు అప్ప అంటారు, రెండూ అక్క అనే మాటే కాబట్టి ఎవరు పిలిచినా పలుకుతాను. ఇప్పటికి మూడు షాపులు మారాను. వాటి పేర్లు ఇక్కడ రాయను, ఎవరినీ బజారుకి ఈడ్చడానికి కాదు ఈ ఉత్తరం, పైగా ఇది ఒక్క షాపు సంగతి కూడా కాదు, గిరి రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరకి, అక్కణ్ణుంచి బడాబజారు దాకా ఏ షాపులోకి వెళ్ళినా మా ఆడపిల్లలూ మగపిల్లలూ పొద్దున పదింటి నుంచి రాత్రి తొమ్మిదింటి దాకా నిలబడే ఉంటారు. బేరం ఉన్నా నిలబడాలి, లేకపోయినా నిలబడాలి. భోజనానికి ఇచ్చే అరగంట తప్ప.

కాళ్ళు పీకుతాయని మీకు తెలుసు, మేం చాలాసార్లు చెప్పాం. దాని గురించే అయితే మళ్ళీ రాసేదాన్ని కాదు. నేను రాస్తున్నది వేరే విషయం, అది నాకూ పోయిన ఠాకురాణి యాత్ర దాకా తెలీదు.

ఆ రోజుల్లో షాపు ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. రెండేళ్ళకోసారి ఠాకురాణి అమ్మవారు పుట్టింటికి వస్తుంది, ఊరు ఊరంతా కొత్తబట్టల కోసం మీద పడుతుంది. రాత్రి ఎనిమిదిన్నర అయ్యుంటుంది. మా పక్క కౌంటర్లో ఒక పిల్ల ఉండేది, ఇరవై నాలుగేళ్ళు, బాగా చలాకీ. ఎవరో పెద్దావిడ మెరూన్ రంగు మీద ఫోడా కుంభ అంచు చీర అడిగింది, అది పై ర్యాకులో ఉంది. ఈ పిల్ల స్టూలు లాక్కుని ఎక్కింది, రెండు చేతులూ పైకెత్తి తల వెనక్కి వాల్చి కట్ట లాగుతోంది. నేను కిందనుంచి చూస్తూనే ఉన్నాను. ఎవరూ తగల్లేదు, స్టూలు కదల్లేదు, కాలు జారలేదు. ముందు పిక్కలు సన్నగా వణికాయి, తర్వాత మనిషి కొంచెం వెనక్కి ఊగింది, ఆపుకోడానికి ముందుకొచ్చింది, మళ్ళీ పక్కకి ఊగింది, అంతే, చీరల కట్టతో సహా కౌంటర్ అంచు మీదుగా కింద పడిపోయింది. కుడి చెయ్యి మణికట్టు విరిగింది. ఆసుపత్రికి తీసుకెళ్ళి కట్టు కట్టించాం.

సావుకారు గారు చెడ్డాయన కాదు, కట్టు ఖర్చు ఆయనే పెట్టుకున్నారు, పదిహేను రోజుల జీతం కూడా కోయలేదు. కానీ అందరి ముందూ ఒక మాట అన్నారు, చూసుకుని ఎక్కాలి కదమ్మా, ధ్యాస ఎక్కడ పెట్టుకున్నావ్ అని. మేమందరం తలూపాం. నేను కూడా తలూపాను. ఆ పిల్ల ఏడుస్తూ నిజమే సార్ నాదే తప్పు అంది. ఆ తర్వాత వాళ్ళింట్లో వాళ్ళు మళ్ళీ పనికి పంపలేదు.

అప్పుడు తలూపినందుకు నాకు ఇప్పటికీ మనసు పీకుతుంది, అందుకే ఈ ఉత్తరం.

మా చిన్నప్ప కొడుకు ఫిజియోథెరపీ చదువుతున్నాడు, సెలవులకి వచ్చినప్పుడు ఈ సంగతి వాడితో చెప్పాను. పిన్నీ అది ధ్యాస తప్పడం కాదు, కాళ్ళు అలిసిపోవడం అన్నాడు. అలిసిపోతే నొప్పి పుడుతుంది గానీ మనిషి ఎందుకు పడిపోతుందిరా అన్నాను. అయితే నువ్వే చూడు అని నన్ను గోడ పక్కన నిలబెట్టి, పడబోతే పట్టుకోడానికి చెయ్యి గోడకి దగ్గరగా ఉంచమని చెప్పి, ఒంటికాలి మీద నిలబడి కళ్ళు మూసుకోమన్నాడు. అది ఆదివారం పొద్దున, ఒళ్ళు హాయిగా ఉంది, పదిహేను లెక్కపెట్టేదాకా నిలబడ్డాను. మర్నాడు షాపు నుంచి వచ్చాక రాత్రి మళ్ళీ అదే చేయించాడు. నాలుగు అంకెలకే చెయ్యి గోడని పట్టేసుకుంది. సరే తప్పిపోయిందేమో అని మళ్ళీ చేశాను, మళ్ళీ అంతే. అదే మనిషిని, అదే గోడ, మధ్యలో మారింది ఒకటే, పదకొండు గంటలు నిలబడొచ్చాను.

కళ్ళు తెరిచి చేసినప్పుడు ఇంకో సంగతి చూడమన్నాడు. ఒంటికాలి మీద నిలబడి మీ పాదం పైభాగం వైపు చూడండి, చీలమండ ముందు తాళ్ళలా ఉంటాయే, అవి ఒక్క క్షణం కూడా ఊరుకోవు, ఒకటి బిగుస్తుంది ఇంకొకటి వదులుతుంది, కాలివేళ్ళు నేలని పట్టుకుని వదులుతుంటాయి, వీణ తీగల మీద వేళ్ళు ఆడినట్టు ఉంటుంది. నిలబడడం అంటే ఊరికే ఉండడం అని మనం అనుకుంటాం, "ఊరికే నిలబడ్డానికి ఏటమ్మా కష్టం" అని మీరు కూడా మాతో చాలాసార్లు అన్నారు. కానీ నిలబడ్డ మనిషి ఎప్పుడూ ఊరికే ఉండడు. రెండు కాళ్ళ మీద ఉన్నా సరే ఒళ్ళు ముందుకీ వెనక్కీ కొద్దికొద్దిగా ఊగుతూనే ఉంటుంది, కంటికి కనపడనంత. మన ఒంటి బరువు పడే గీత సరిగ్గా చీలమండ మీద పడదట, దానికి ఒక నాలుగైదు సెంటీమీటర్లు ముందు పడుతుందట. అంటే మనం ఎప్పుడూ ముందుకి పడిపోతూనే ఉన్నాం, పిక్కలు వెనక నుంచి పట్టుకుని లాగుతున్నాయి కాబట్టి నిలబడి ఉన్నాం. పదకొండు గంటలు మేం నిలబడ్డాం అంటే పదకొండు గంటలు మా పిక్కలు మమ్మల్ని పడిపోకుండా లాగి పట్టుకున్నాయన్నమాట.

పిక్కలో లోపల ఉండే కండ ఈ పని కోసమే పుట్టినట్టుంటుంది, దానిలో తొందరగా అలవని రకం తంతువులు ఎక్కువ, అందుకే మనిషి గంటలకి గంటలు నిలబడగలడు. అయితే దానికీ ఒక హద్దుంది. కండలో తంతువులన్నీ ఒకేసారి పనిలోకి దిగవు, చిన్న పనికి చిన్న తంతువులు ముందు లేస్తాయి, బరువు పెరిగితేనే పెద్దవి లేస్తాయి. నిలబడడం చిన్న పనే కాబట్టి పొద్దున లేచిన ఆ చిన్న తంతువులే కూర్చునేదాకా వదలకుండా పని చేస్తాయని ఒక వాదన ఉంది, వాటికి సిండ్రెల్లా తంతువులని పేరు కూడా పెట్టారు, ఆ కథలో పిల్ల అందరికంటే ముందు లేచి అందరి తర్వాత పడుకుంటుంది కదా, అలాగ. ఇది విన్నప్పుడు నాకు మా షాపులో పొద్దున షట్టర్ తీసేటప్పుడు వచ్చి ఊడ్చి, రాత్రి చీరలన్నీ మడిచి సర్దాక గానీ వెళ్ళని పిల్లలు గుర్తొచ్చారు.

ఇక్కడి నుంచి చెప్పేది దయచేసి నిదానంగా చదవండి, అసలు సంగతి ఇదే.

కండ అలిసిపోతే దాని బలం ఒక్కటే తగ్గదు, దాని వార్త కూడా తప్పుతుంది. మనం కళ్ళు మూసుకుని ఉన్నా మన కాలు ఎక్కడుందో, మోకాలు ఎంత వంగి ఉందో మనకి తెలుస్తుంది కదా, అది ఎలా తెలుస్తుందంటే కండల్లోనూ వాటిని ఎముకకి అంటిపెట్టే తాళ్ళలోనూ చిన్న చిన్న కొలత సాధనాలు ఉంటాయి, కండ ఎంత సాగింది ఎంత లాగుతోంది అని అవి మెదడుకి ఎప్పటికప్పుడు కబురు పంపుతుంటాయి. అలిసిన కండ నుంచి వచ్చే ఆ కబురు సరిగ్గా ఉండదు. మెదడు ఆ కబురు మీదే ఆధారపడి ఎంత లాగాలో లెక్క కడుతుంది, మరి కబురు తప్పైతే లెక్కా తప్పుతుంది, పైగా అలిసిన కండ చెప్పినంత గట్టిగా లాగలేదు, ఒకోసారి మెదడు నుంచి వచ్చే ఆజ్ఞే బలహీనపడుతుంది. ఇవన్నీ కలిపి ఒంటి ఊగుడు పెద్దదవుతుంది, వేగం కూడా పెరుగుతుంది. దీన్ని కొలిచే పలకలు ఉంటాయి, మనిషిని వాటిమీద నిలబెడితే పాదాల కింద బరువు ఎటు నుంచి ఎటు జరుగుతోందో గీత గీసి చూపిస్తాయి. కాళ్ళు అలవకముందు ఆ గీత చిన్న ఉండలా ఉంటే అలిశాక చిక్కుపడ్డ దారం ఉండలా పెద్దగా పరుచుకుంటుంది. ఇది ఎన్నో దేశాల్లో ఎన్నోసార్లు కొలిచి చూసిందే. పిక్కలు అలిసినా జరుగుతుంది, తొడలు తుంటి దగ్గర కండలు అలిసినా జరుగుతుంది. పై కండలు అలిస్తే పక్కలకి నిలకడ ఇంకా ఎక్కువ దెబ్బతిందని చూపిన పరీక్షలూ ఉన్నాయి.

మరి అలాంటప్పుడు రోజూ అందరం పడిపోవాలి కదా అంటారు. ఎందుకు పడిపోమంటే కళ్ళు కాపాడతాయి కాబట్టి. నిలకడకి మూడు ఆధారాలు, కళ్ళు ఒకటి, చెవి లోపల ఉండే తూకం సాధనం రెండోది, కాళ్ళ కబురు మూడోది. కాళ్ళ కబురు తప్పినప్పుడు మెదడు మిగతా రెండింటి మీద ఎక్కువ ఆనుకుంటుంది. అందుకే అలిసిన మనిషి కళ్ళు మూసుకుంటే తూలడం ఇంకా పెరుగుతుంది, నాకు నాలుగు అంకెలకే గోడ కావాల్సొచ్చింది. కాళ్ళ కబురు చెడిందో లేదో చూడ్డానికి డాక్టర్లు ఇప్పటికీ రోగిని పాదాలు దగ్గరగా పెట్టించి కళ్ళు మూయిస్తారు, రోంబెర్గ్ అనే జర్మన్ డాక్టరు 19వ శతాబ్దంలో చెప్పిన పరీక్ష అది.

ఇప్పుడు ఆ పిల్లని మళ్ళీ స్టూలు ఎక్కించి చూడండి. దాదాపు పది గంటలు నిలబడ్డ కాళ్ళు, అంటే ఒక ఆధారం అప్పటికే బలహీనం. పై ర్యాకులోకి చూడ్డానికి తల వెనక్కి వాల్చింది, తల అలా వెనక్కి వాలిస్తే చెవిలో తూకం సాధనం తనకి అలవాటైన స్థితిలో ఉండదు, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి కూడా అలా నిలబడితే ఊగుడు పెరుగుతుంది, రెండో ఆధారం కూడా దెబ్బతింది. కళ్ళ ముందు నేల లేదు గోడ లేదు, చీరల కట్టలున్నాయి, వాటినీ తనే లాగుతోంది కాబట్టి అవి కూడా కదులుతున్నాయి, మూడోది కూడా పోయింది. రెండు చేతులూ పైనే ఉన్నాయి, పట్టుకోడానికి ఏమీ లేదు. నిలబడే జాగా చూస్తే స్టూలు పలక, రెండు పాదాలు పట్టేంత. అలాంటప్పుడు పడిపోవడానికి ధ్యాస తప్పక్కర్లేదు సావుకారు గారూ. ఆ పిల్ల ధ్యాసంతా చీర మీదే ఉంది.

నేను ఇంకోటి కూడా గమనించాను, ఇది మా వాళ్ళందరికీ ఉంది గానీ ఎవరూ పైకి చెప్పరు. రాత్రి ఇంటికి వెళ్ళేటప్పుడు ఆటో మెట్టు తప్పుతుంది. ఇంట్లో గుమ్మం దాటుతుంటే బొటనవేలు గడపకి కొట్టుకుంటుంది. రోజూ దాటే గడపే. మా ఆయన నిద్రమత్తా అనేవారు, నేనూ అదే అనుకునేదాన్ని. కాలు నేను అనుకున్నంత ఎత్తు లేవలేదు, లేవలేదన్న సంగతి నాకు తెలియలేదు, ఇంతే జరిగింది.

అలుపు గురించి మనం నమ్మేది ఒకటుంది, కూర్చున్నాక నొప్పి పోతే అలుపు పోయినట్టే అని. అది కూడా పూర్తిగా నిజం కాదట. స్విట్జర్లాండులో మనుషుల చేత ఐదు గంటలు నిలబడి పని చేయించి, మధ్యలో భోజనానికీ ఇంకొంచెం విశ్రాంతికీ కూర్చోనిచ్చి, అయ్యాక పిక్క కండని చిన్న కరెంటుతో కదిలించి బలం కొలిచారు. పని ఆగి అరగంట అయ్యాక మనుషులేమో బాగానే ఉంది అన్నారు, కండేమో ఇంకా తేరుకోలేదు. మనిషికి అలుపు తెలియకపోయినా కండలో ఉంటుందన్నమాట. అయితే మీకు మంచి మాట కూడా చెప్పాలి, గబగబా వ్యాయామం చేయించి కాళ్ళు అలిసేలా చేసిన పరీక్షల్లో చాలావాటిలో పది ఇరవై నిమిషాల విశ్రాంతికే ఊగుడు మామూలుకి దగ్గరగా వచ్చేసింది. అంటే కొద్దికొద్దిగా మధ్యమధ్యలో కూర్చోనిస్తే కండ ఆ లోతు అలుపులోకి దిగకుండా ఆపొచ్చు, రోజంతా నిలబెట్టి ఆఖర్న వదిలితే మాత్రం అంత తొందరగా తేరుకోదు. మేం అడుగుతున్నది ఆ మధ్యమధ్య కూర్చోవడమే.

కాళ్ళలో రక్తం సంగతి కూడా చెప్తాను, ఇది మా వయసు వాళ్ళకి బాగా తెలుసు, మోకాళ్ళ వెనక నరాలు నీలంగా ముడులు కట్టి ఉబ్బుతాయి, చీర కుచ్చిళ్ళ కింద దాచుకుంటాం. కదలకుండా నిలబడితే పాదం దగ్గర సిరలో రక్తం ఒత్తిడి బీపీ కొలిచే లెక్కలో 80, 90 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, అదే మనిషి నడుస్తుంటే 30కి, ఇంకా కిందకి దిగుతుంది, పిక్క కండ బిగుసుకున్నప్పుడల్లా రక్తాన్ని పైకి తోస్తుంది కాబట్టి. రెండో గుండె అంటారు పిక్కని. ఒకేచోట నిలబడ్డ మనిషికి ఆ గుండె సరిగ్గా కొట్టుకోదు. రోజంతా నడిచే పోస్ట్‌మాన్ కంటే నాలుగడుగుల కౌంటర్ వెనక నిలబడ్డ మాకే కాళ్ళు ఎక్కువ వాచేది ఇందుకే.

ఇప్పుడు మీరు అనే మాటలకి వస్తాను. పదహారేళ్ళుగా వింటున్నాను కాబట్టి వరసగా గుర్తున్నాయి.

కూర్చుంటే బేరానికి మర్యాద తగ్గుతుంది అంటారు. మీ నాన్నగారి రోజుల షాపు గుర్తు తెచ్చుకోండి. నేను చిన్నప్పుడు మా అమ్మతో పెళ్ళి బట్టలకి ఇచ్ఛాపురం నుంచి ఇక్కడికే వచ్చేదాన్ని, అప్పుడు షాపుల్లో ఈ గాజు కౌంటర్లు ఎక్కడున్నాయి, నేల మీద పరుపులు పరిచి తెల్ల దుప్పట్లు వేసేవారు, చెప్పులు బయట విడిచి వచ్చి మేం ఇటు కూర్చునేవాళ్ళం, చూపించేవాళ్ళు అటు కూర్చునేవారు, సావుకారు గారు గల్లాపెట్టె దగ్గర దిండుకి ఆనుకుని కూర్చునేవారు. కూర్చునే చీర విప్పి ఒళ్ళోకి జార్చేవారు, అమ్మకి ఆ జరీ మెరుపు పక్కనే కనపడేది. అప్పుడు ఎవరి మర్యాద తగ్గింది? మీ వ్యాపారం ఆ పరుపు మీదే పెరిగింది. పరుపు పోయి కౌంటర్ వచ్చింది, బేరానికి కుర్చీ వచ్చింది, మీకు తిరిగే కుర్చీ వచ్చింది, చూపించే మనిషికి మాత్రం ఏమీ రాలేదు.

ఈ ఊరు పట్టుకి పేరు. ఇక్కడ పట్టు నేసే దేవాంగులు తెలుగునాటి నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళే, ఠాకురాణి అమ్మకి పుట్టిల్లు కూడా వాళ్ళదే. నేసే ఆయన గుంటమగ్గంలో కాళ్ళు దించి కూర్చుని నేస్తాడు. ఆ చీర మీ షాపుకి వస్తే కొనే ఆవిడ కూర్చుని కొంటుంది. మధ్యలో మేం ఒక్కళ్ళమే దాన్ని నిలబడి మోస్తాం.

కూర్చోబెడితే బద్ధకం వస్తుంది, ఫోన్లు చూసుకుంటారు అంటారు. ఫోన్ల సంగతి వేరుగా మాట్లాడండి, ఎవరైనా చూస్తే మందలించండి, మేమేమీ అనం. కానీ సీసీ కెమెరాలో ఎవరైనా కట్టల మీద కొంచెం ఆనుకున్నా కూడా పిలిచి అడిగే షాపులున్నాయి, దాన్ని మాత్రం ఆపించండి. ఆనుకున్న పిల్ల బద్ధకంతో ఆనుకోలేదు, ఒక కాలి మీద బరువు వేసి ఇంకో కాలికి విశ్రాంతి ఇస్తోంది. ఎక్కువసేపు నిలబడ్డ ప్రతి మనిషీ అలా బరువు మార్చుకుంటాడు, అది ఒళ్ళు తనని తాను కాపాడుకునే పద్ధతి, కావాలంటే మన గేటు దగ్గర వాచ్‌మెన్ని ఒక గంట గమనించండి.

జాగా లేదు అంటారు. దీని గురించి ఆఖర్న చెప్తాను.

ఎవరూ అడగనిది మీరెందుకు అడుగుతున్నారు అని ఒక మేనేజరు గారు నన్ను అడిగారు. అడిగారండీ, చాలా ముందే అడిగారు. ఇంగ్లండులో 1899లోనే షాపుల్లో పనిచేసే ఆడవాళ్ళకి ముగ్గురికి ఒకటి చొప్పున సీటు ఉండాలని చట్టం చేశారు. మన దేశంలో 1948 ఫ్యాక్టరీల చట్టంలో 44వ సెక్షన్ పెట్టారు, నిలబడి పనిచేసే కార్మికులు వీలు దొరికినప్పుడు కూర్చోడానికి ఏర్పాటు ఉండాలని. షాపుల విషయంలో కేరళలో కోళికోడ్ బట్టల బజారులో పనిచేసే ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడితే 2018లో అక్కడి షాపుల చట్టం మార్చి కూర్చునే హక్కు రాశారు. 2021లో తమిళనాడు కూడా అలాగే చేసింది. అక్కడ చీరలు అమ్ముడుపోవడం ఆగిపోలేదు.

మన ఊరి సంగతి కూడా ఒకటి గుర్తుచేస్తాను. దేశానికి రాష్ట్రపతి అయిన వి.వి.గిరి గారు పుట్టింది ఈ బరంపురంలోనే, 1894లో, మన తెలుగింట్లోనే. రాష్ట్రపతి అవకముందు ఆయన బతుకులో చాలా ఏళ్ళు రైల్వే కార్మికులతో, కార్మిక సంఘాలతో గడిచింది, కేంద్రంలో కార్మిక మంత్రి అయ్యి బ్యాంకు ఉద్యోగుల తీర్పు విషయంలో ప్రభుత్వంతో కుదరక 1954లో పదవి వదులుకుని బయటికి వచ్చేశారు. అలాంటాయన పుట్టిన ఊళ్ళో షాపు మనిషి కూర్చోడానికి స్టూలు అడగడం పెద్ద కోరిక కాదనుకుంటాను. చట్టం, ఆఫీసు, అర్జీ అని తిరగకుండా ముందు మీకే రాయడానికి కారణం కూడా చెప్తాను, మీరు మా ఇళ్ళల్లో పెళ్ళిళ్ళకి వస్తారు, మేం మీ ఇళ్ళల్లో శుభకార్యాలకి వస్తాం, మన మధ్య జీతం ఒక్కటే లేదు.

మేం అడిగేది రోజంతా కూర్చోబెట్టమని కాదు, అది కూడా ఒంటికి మంచిది కాదని మాకు తెలుసు. బేరం లేనప్పుడు కూర్చుంటాం, బేరం గుమ్మం ఎక్కగానే లేచి నిలబడి నమస్కారం పెడతాం. కొంచెం ఎత్తు స్టూలైతే లేవడం కూడా సులువు, తుంటి సగం ఆన్చుకున్నా పిక్కల మీద బరువు తగ్గుతుంది. కౌంటర్ కింద జానెడు ఎత్తు చెక్క ఒకటి వేయించినా చాలా నయం, ఒక కాలు దాని మీద పెట్టి ఇంకో కాలు నేల మీద పెట్టి మార్చుకుంటూ ఉండొచ్చు. నేల మీద పాలరాయి వేయించారు కదా, మేం నిలబడే చోట మాత్రం మందపాటి రబ్బరు చాప వేయించండి, పాలరాయి మీద వట్టి కాళ్ళతో పదకొండు గంటలు ఎలా ఉంటుందో ఒక్క పూట మీరు నిలబడితే నేను చెప్పక్కర్లేదు. భోజనం అరగంట తగ్గించకుండా పొద్దున పది నిమిషాలు, సాయంత్రం నాలుగింటికి పది, ఏడింటికి పది ఇవ్వండి, మేం వంతులు వేసుకుని వెళ్తాం, కౌంటర్ ఖాళీగా వదలం.

ఇవన్నీ రేపే కాకపోయినా ఒకటి మాత్రం రేపటినుంచే చేయండి, దీనికి రూపాయి ఖర్చు లేదు. పై ర్యాకు పని పొద్దున పూట పెట్టించండి. ఆ రోజు అమ్ముడుపోయే రకాలు, పండగ చీరలు పొద్దున్నే కిందకి దింపించేయండి, కాళ్ళు తాజాగా ఉన్నప్పుడు. సాయంత్రం ఆరు తర్వాత ఎవర్నీ స్టూలెక్కించొద్దు. తప్పనిసరైతే పట్టుకోడానికి కమ్మీ ఉన్న నిచ్చెన వాడించండి, కింద ఒక మనిషి నిలబడి కట్ట అందుకోవాలి, ఎక్కిన మనిషికి ఒక చెయ్యి ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. రెండు చేతులూ పైకెత్తి తల వెనక్కి వాల్చి లాగే పని రాత్రి పూట ఏ వయసు మనిషీ చేయకూడదు, ఇరవై నాలుగేళ్ళ పిల్లే ఆపుకోలేకపోయింది, మా షాపులో యాభై దాటినవాళ్ళు నలుగురున్నారు.

ఇంక రొజో పండగ వస్తుంది, ఆ వెనకే దసరా, పెళ్ళిళ్ళు. ఆ రోజుల్లో పదకొండు గంటలు పన్నెండు దాటుతుందని మీకూ తెలుసు మాకూ తెలుసు. దానికి ముందే ఈ ఏర్పాటు చేయండని వేడుకుంటున్నాను.

ఎవరైనా సావుకారు గారికి ఇదంతా నమ్మకం కుదరకపోతే కోప్పడను, నేనూ గోడ దగ్గర నిలబడేదాకా నమ్మలేదు. మీ షాపులో ఒక పని చేయించి చూడండి. పొద్దున షట్టర్ తీశాక మీ మనుషుల్ని గోడ పక్కన ఒంటికాలి మీద కళ్ళు మూయించి నిలబెట్టండి, పక్కన ఇంకొకరు పట్టుకోడానికి ఉండాలి, లెక్కపెట్టి రాసుకోండి. రాత్రి షట్టర్ వేసే ముందు మళ్ళీ చేయించండి. మీరు కూడా వాళ్ళతో నిలబడండి, గల్లా దగ్గర కూర్చున్న మీ లెక్క పొద్దునా రాత్రీ ఎంతుందో, వాళ్ళది ఎంతుందో ఒకే కాగితం మీద రాయండి.

జాగా సంగతి ఆఖర్న చెప్తానన్నాను. నిన్న మధ్యాహ్నం బేరాలు లేనప్పుడు మా కౌంటర్ వెనక చేత్తో కొలిచాను, బట్ట కొలిచే చెయ్యే కాబట్టి పెద్దగా తప్పదు. కౌంటర్‌కీ ర్యాకుకీ మధ్య మూరన్నర ఉంది. స్టూలు పలక మూరెడు కూడా అక్కర్లేదు, పని ఉన్నప్పుడు కౌంటర్ కిందకి తోసేయొచ్చు, అక్కడ ఇప్పుడు ఖాళీ అట్టపెట్టెలున్నాయి. ఆ అట్టపెట్టెలు తీసేయడానికి మీ మాట కోసం చూస్తున్నాం.

ఇట్లు,
మీ చీరల కౌంటర్ మనిషి, బరంపురం